డ్రైవరు, కండక్టరు, మనం

విజయవాడలో బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు మీద ముందుకెళ్తే ఆటోనగర్ గేటు వస్తుంది. పూర్తి పేరు జవహర్ ఆటోనగర్. ఊళ్ళో రోడ్ల పక్కన ఎక్కడపడితే అక్కడ ఉన్న మెకానిక్ షెడ్లని ఒక్కచోటికి చేర్చాలని 1960ల్లో మొదలుపెట్టిన పేట ఇది. ఆసియాలోకెల్లా పెద్దదని బెజవాడ వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. లారీ బాడీలు కట్టేవాళ్ళు, టింకరింగు, వెల్డింగు, పెయింటింగు, సీట్లు, టైర్లు... బండికి ఏం కావాలన్నా ఇక్కడ దొరుకుతుంది. 2014లో ఈ పేరు మీద ఒక సినిమా కూడా వచ్చింది కదా, కాబట్టి బెజవాడ చూడని వాళ్ళకి కూడా పేరు తెలిసే ఉంటుంది.

ఈ పేటలో రోజూ రెండు రకాల మనుషులు కలుస్తుంటారు. ఒకరు రాత్రంతా స్టీరింగ్ ముందు కూర్చుని వచ్చిన డ్రైవరు. ఇంకొకరు పొద్దున్నించీ వంగుతూ, లేస్తూ, బరువులెత్తుతూ పని చేసే మెకానిక్కు. ఇద్దరికీ టీ కావాలి. చాలామందికి బీడీయో సిగరెట్టో కూడా కావాలి. ఇద్దరూ అన్నం తినేది పని వదిలినప్పుడే గానీ ఆకలి వేసినప్పుడు కాదు. మరి వీళ్ళిద్దరిలో ఎవరి గుండె ఎక్కువ కాలం నడుస్తుంది? కూర్చున్న వాడిదా, కష్టపడ్డ వాడిదా?

ఇది టీ కొట్టు కబుర్లలా ఉంది గానీ, ఒక పెద్ద శాస్త్రం ఇలాంటి ప్రశ్నతోనే మొదలైంది. ఈ టపా ఆ శాస్త్రం చరిత్ర గురించి. నేను డాక్టర్ని కాను. కాకపోతే కుర్చీకి అతుక్కుపోయిన మన జాతి తెలుసుకోవాల్సిన సంగతులు ఇందులో చాలా ఉన్నాయనిపించి రాస్తున్నాను.

కథ లండన్‌లో మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటన్‌లో గుండెపోట్లు బాగా పెరిగాయి. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్ రవాణా సంస్థలో పని చేసే మగవాళ్ళ రికార్డులు తీశాడు. సుమారు 31 వేల మంది, 35 నుంచి 64 ఏళ్ళ వాళ్ళు. డబుల్ డెక్కర్ బస్సు ఒకటే, జీతాలూ దాదాపు ఒకటే, ఉండే పేటలూ ఒకటే. తేడా అల్లా ఏంటంటే డ్రైవరు డ్యూటీలో దాదాపు అంతసేపూ కూర్చునే ఉంటాడు, కండక్టరు టిక్కెట్లు కొడుతూ రోజుకి 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. 1953లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. వచ్చినా, వచ్చిన వెంటనే ప్రాణం తీసే రకం మరీ తక్కువ. పోస్ట్‌మ్యాన్‌లనీ, ఆఫీసులో కూర్చునే గుమాస్తాలనీ పోల్చినా ఇదే తీరు కనిపించింది.

వ్యాయామానికీ గుండెకీ సంబంధం ఉందని ఈరోజు మనం తేలిగ్గా అనేస్తాం గానీ, దానికి తొలి పెద్ద రుజువు ఈ బస్సు లెక్కే.

కథ ఇక్కడితో ఆగిపోతే సుఖంగా ఉండేది. కానీ మోరిస్ తన లెక్కని తానే అనుమానించాడు. 1956లో ఈ సిబ్బందికి సంస్థ కుట్టించి ఇచ్చిన యూనిఫారాల కొలతలు తెప్పించాడు. చూస్తే ఏ వయసులో చూసినా డ్రైవర్ల నడుము కొలతే ఎక్కువ. అంటే డ్రైవరుకీ కండక్టరుకీ మధ్య మెట్లు ఒక్కటే కాదు, పొట్ట కూడా తేడాగా ఉంది. మరి గుండె చెడగొట్టింది కూర్చోవడమా, పొట్టా, ట్రాఫిక్‌లో బండి నడిపే టెన్షనా? ఒక్కదాన్ని విడదీసి "ఇదే కారణం" అనడం అంత సులువు కాదని అప్పుడే తేలింది. అలవాట్లు విడివిడిగా రావు. ఒకదాని చెయ్యి పట్టుకుని ఇంకొకటి వస్తుంది.

సరే, అలవాట్లన్నిటినీ కలిపి చూడాలన్న ఆలోచన కొత్తదా? అస్సలు కాదు. అందులో మన తెలుగు వాళ్ళకి ఒక ముఖ్యమైన పాత్ర ఉంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో లూయీ కూనే అనే ఆయన నీటి తొట్టి స్నానాలు, సాదా శాకాహారం, ఎండ, గాలి అంటూ ఒక చికిత్సా పద్ధతి పెట్టాడు. ఆయన పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ 1894లో తెలుగులోకి తెచ్చారు. భారతదేశంలో ప్రకృతి వైద్యం చరిత్ర ఎవరు రాసినా ఈ తెలుగు అనువాదంతోనే మొదలుపెడతారు. హిందీ, ఉర్దూ అనువాదాలు పదేళ్ళ తర్వాత, 1904లో వచ్చాయి. గాంధీ గారు కూడా కూనేని చదివి తన మీద తాను ప్రయోగాలు చేసుకున్నారు. 1942లో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో కూర్చుని ఆరోగ్యం మీద ఒక చిన్న పుస్తకమే రాశారు. 1949లో హైదరాబాద్‌లో డాక్టర్ బి. వెంకటరావు గారు ప్రకృతి చికిత్సాలయం పెట్టారు. ఆ దారి తర్వాత మన విజయవాడ కృష్ణ కరకట్ట దాకా వచ్చింది. 2000ల్లో పొద్దున్నే టీవీ పెడితే మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పూ నూనే లేని వంటల గురించి చెప్పడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎన్ని ఇళ్ళల్లో అమ్మలకీ నాన్నలకీ మధ్య ఉప్పు మీద యుద్ధాలు జరిగాయో :)

ఈ సంప్రదాయంలో ఒక బలం ఉంది. తిండి వేరు, నిద్ర వేరు, మనసు వేరు అని ముక్కలు చెయ్యదు, మొత్తం రోజుని చూస్తుంది. ఒక బలహీనతా ఉంది. కూనే అన్ని జబ్బులకీ మూలం ఒక్కటే అన్నాడు, శరీరంలో చేరిన మలినం అని. క్షయకీ షుగరుకీ ఒకే కారణం ఉండదని ఈరోజు మనకి తెలుసు. పైగా ఎన్ని అలవాట్లు ఉంటే ఎంత లాభమో లెక్క కట్టిన వాడు లేడు. లెక్క లేని చోట నమ్మకం పెత్తనం చేస్తుంది. "అలవాట్లు మార్చాను, ఇక బీపీ మాత్ర అక్కర్లేదు" అని సొంతంగా మానేసి పక్షవాతం తెచ్చుకునే ప్రమాదం అక్కడే ఉంది. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్ళు ఇన్సులిన్ మానేస్తే ఇక చెప్పక్కర్లేదు.

ఆ లెక్క కట్టింది కాలిఫోర్నియాలో, అలమేడా కౌంటీలో. మనవాళ్ళు వేలల్లో ఉండే ఫ్రీమాంట్ ఆ కౌంటీలోదే. 1965లో లెస్టర్ బ్రెస్లో అనే ప్రజారోగ్య నిపుణుడి బృందం అక్కడి 6,928 మంది పెద్దవాళ్ళకి ప్రశ్నపత్రాలు ఇచ్చి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాళ్ళని వెంబడించింది. వాళ్ళు చూసినవి ఏడంటే ఏడు అలవాట్లు:

1. రోజుకి 7–8 గంటల నిద్ర
2. పొద్దున్నే టిఫిన్ మానకపోవడం
3. మధ్యమధ్యలో చిరుతిళ్ళు తినకపోవడం
4. ఎత్తుకి తగ్గ బరువు
5. క్రమం తప్పని వ్యాయామం
6. మందు తాగకపోవడం, లేదా మితంగా తాగడం
7. సిగరెట్టు అసలే కాల్చకపోవడం

చూడండి, ఇందులో మన అమ్మమ్మ చెప్పనిది ఒక్కటైనా ఉందా? కొత్తదనం జాబితాలో లేదు, కూడికలో ఉంది. ఏ అలవాటు అని అడగలేదు, ఎన్ని అలవాట్లు అని అడిగారు. 1972, 1973లో వచ్చిన ఫలితాల ప్రకారం 45 ఏళ్ళ మగవాడికి ఏడులో మూడో అంతకన్నా తక్కువో ఉంటే ఇంకో 22 ఏళ్ళ దాకా ఆయుష్షు మిగిలింది. ఆరో ఏడో ఉంటే 33 ఏళ్ళు. తేడా 11 ఏళ్ళు! బ్రెస్లో కూడా తన సూత్రాలు తానే పాటించాడేమో, 2012లో 97వ ఏట పోయాడు.

తర్వాత వచ్చిన పరిశోధకులు ఇదే డేటాని మళ్ళీ తిరగేసి టిఫినుకీ చిరుతిళ్ళకీ విడిగా పెద్ద ప్రభావం లేదన్నారు. మిగతా అయిదూ నిలబడ్డాయి. అదే కౌంటీ డేటాలో 1979లో ఇంకో సంగతి బయటపడింది. పెళ్ళి, స్నేహితులు, చుట్టాలు, గుడో చర్చో సంఘమో, ఇలాంటి బంధాలు లేని వాళ్ళు త్వరగా చనిపోతున్నారు. ఏడు అలవాట్లనీ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా పోలేదు. 1991లో మరొకటి. మొదట్లో ఒంటికి పని చెప్పని వాళ్ళకి తర్వాతి ఏళ్ళలో డిప్రెషన్ లక్షణాలు వచ్చే అవకాశం ఎక్కువగా ఉంది. గుండె కోసం మొదలుపెట్టిన లెక్క అలా మనసు దాకా వచ్చింది.

ఆ తర్వాత ఇలాంటి లెక్కలు చాలా దేశాల్లో జరిగాయి. మూడు మాత్రం చెప్తాను.

2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో గుండెపోటు వచ్చిన వాళ్ళని రాని వాళ్ళతో పోల్చింది. మొదటి గుండెపోట్లలో దాదాపు 90 శాతాన్ని తొమ్మిది అంశాలు కలిసి వివరిస్తాయని తేల్చింది. ఆ తొమ్మిదిలో పొగ, బీపీ, షుగర్, పొట్టతో పాటు మానసిక ఒత్తిడి కూడా ఉంది. దక్షిణాసియా వాళ్ళకి, అంటే మనకి, మిగతా వాళ్ళకంటే సుమారు ఆరేళ్ళు ముందే గుండెపోటు వస్తోందని అదే డేటా చెప్పింది.

2009లో జర్మనీలోని పోట్స్‌డామ్ నుంచి 23,153 మంది లెక్క వచ్చింది. సిగరెట్టు ఎప్పుడూ తాగకపోవడం, ఊబకాయం లేకపోవడం, వారానికి మూడున్నర గంటల వ్యాయామం, మంచి తిండి. నాలుగూ ఉన్నవాళ్ళకి, ఒక్కటీ లేనివాళ్ళతో పోలిస్తే, షుగర్, గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్ లాంటి దీర్ఘరోగాల ముప్పు 78 శాతం తక్కువ. ఒక్క షుగర్ వరకే చూస్తే 93 శాతం తక్కువ.

మూడోది 2023లో యూకే బయోబ్యాంక్ నుంచి. సుమారు 2 లక్షల 87 వేల మంది, తొమ్మిదేళ్ళు, మళ్ళీ ఏడు అలవాట్లే, కానీ ఈసారి ప్రశ్న డిప్రెషన్ గురించి. 7–9 గంటల నిద్ర అన్నిటికంటే ముందు నిలిచింది, ముప్పు 22 శాతం తక్కువ. తర్వాత పొగ తాగకపోవడం, నలుగురితో కలిసి ఉండటం, వ్యాయామం, కూర్చునే సమయం తగ్గించడం, మితంగా తాగడం, తిండి. ఎక్కువ అలవాట్లు కలిసి ఉన్నవాళ్ళకి, చాలా తక్కువ ఉన్నవాళ్ళతో పోలిస్తే, ముప్పు 57 శాతం తక్కువ.

గుండె లెక్కలో ఉన్న పేర్లే మనసు లెక్కలోనూ వచ్చాయి, చూశారా? అందుకే శరీరానికి ఒక ఖాతా, మనసుకి ఇంకో ఖాతా అనేది మనం పెట్టుకున్న పద్దే గానీ ఒంటికి అలాంటిది లేదు. షుగర్ ఉన్నవాళ్ళలో డిప్రెషన్ లేనివాళ్ళకంటే దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. డిప్రెషన్ వచ్చినవాడు నడక మానేస్తాడు, మాత్ర మర్చిపోతాడు, షుగర్ పెరుగుతుంది. నిద్ర తక్కువైతే ఆకలి పెరుగుతుంది, తీపి మీదకి మనసు పోతుంది, మర్నాడు లేచి నడిచే ఓపిక ఉండదు, చిరాకు ఎక్కువవుతుంది. ఒక బోల్టు లూజైతే ఆ ఒక్క బోల్టుతో ఆగదని ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా చెప్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇవన్నీ మనుషుల్ని గమనించి వేసిన లెక్కలు, ప్రయోగాలు కావు. నిద్ర లేక డిప్రెషన్ వచ్చిందా, డిప్రెషన్ మొదలై నిద్ర పోయిందా అన్నది వీటితో పూర్తిగా తేలదు. రెండు వైపులా నడిచే దారి అది. మంచి అలవాట్లన్నీ ఉన్నవాళ్ళకీ జబ్బు వస్తుంది. అది వాళ్ళ తప్పు కాదు. ముప్పు తగ్గడం వేరు, హామీ పత్రం వేరు.

"ఇదంతా డబ్బున్న దేశాల గోల, మన పల్లెల్లో చావులు జ్వరాల వల్లే కదా" అని ఒకప్పుడు అనుకునేవాళ్ళు. ఆ మాటని తిరగరాసింది మన డెల్టానే. 2003–04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళు, 1,80,162 మంది జనాభా. ఏడాదిలో జరిగిన 1,354 మరణాల్లో 1,329 మరణాల గురించి ఇంటింటికీ వెళ్ళి అడిగి కారణం తేల్చారు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం అది. అందులో పాలుపంచుకున్న వాటిలో బైర్రాజు ఫౌండేషన్ ఒకటి (అవును, సత్యం కంప్యూటర్స్ కుటుంబం పెట్టిందే). 2006లో ఫలితాలు వచ్చాయి. మొదటి స్థానం గుండె, రక్తనాళాల జబ్బులది, 32 శాతం. గుండెపోట్లూ పక్షవాతాలూ దాదాపు సమానం. రెండో స్థానం ప్రమాదాలు, గాయాలు, విషాలు లాంటి వాటిది, 13 శాతం. అందులో మూడో వంతు ఆత్మహత్యలు. అంటువ్యాధులు 12 శాతంతో మూడో స్థానంలో ఉన్నాయి.

ఆ అంకెల్ని ఒకసారి నెమ్మదిగా చదవండి. కాలవ నీళ్ళతో పచ్చగా ఉండే పల్లెల్లో, మొదటి రెండు వరసల్లో ఒకటి గుండె, రెండోదాంట్లో మూడో వంతు తమ ప్రాణం తామే తీసుకున్న వాళ్ళు. దీర్ఘకాలిక జబ్బూ, మానసిక బాధా పట్నం సరుకులు కావని ఇంతకంటే గట్టిగా చెప్పే లెక్క నేను చూడలేదు.

ఇప్పుడు మన సంగతి. ఆటోనగర్ పక్కనే కానూరులో 1977లో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది, ఉమ్మడి రాష్ట్రంలో తొలి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకటి. ఆ తర్వాత అలాంటివి ఎన్ని వచ్చాయో లెక్కే లేదు. డెల్టాలో ఒక తరం పొలంలోనో, షెడ్డులోనో, లారీలోనో పనిచేసి పిల్లల్ని ఆ కాలేజీల్లో చదివించింది. నా కొడుకు నాలా ఒళ్ళు హూనం చేసుకోకూడదు, చల్లగా కూర్చుని పనిచెయ్యాలి అన్నది ఆ తండ్రుల కోరిక. కోరిక తీరింది. మనం కూర్చున్నాం. మోరిస్ భాషలో చెప్పాలంటే కండక్టరు కొడుకు డ్రైవరు సీట్లోకి మారాడు. ఏసీ ఒకటి అదనం.

ఫలితం ఎలా ఉంది? హైదరాబాద్ యూనివర్సిటీ, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. 84 శాతం మంది లివర్‌లో కొవ్వు ఎక్కువగా పేరుకుంది. 71 శాతం మందికి ఊబకాయం. కారణాలుగా వాళ్ళు చూపించినవి మళ్ళీ ఆ పాత జాబితాలోవే: గంటల తరబడి కూర్చోవడం, ఒత్తిడి, నిద్రలేమి, వేళాపాళా లేని తిండి.

దీనికి మనం మామూలుగా చేసేది ఏంటి? జనవరిలో జిమ్ముకి డబ్బు కట్టడం, ఫిబ్రవరిలో మానేయడం. ఒక్క అలవాటుని పట్టుకుని పోరాడతాం. కానీ రాత్రి తొమ్మిదిన్నరకి అమెరికా కాల్ ఉంటే భోజనం పదకొండుకి జరుగుతుంది, నిద్ర ఒంటిగంటకి పడుతుంది, లేచేసరికి నడకకి టైముండదు, మధ్యాహ్నానికి రెండు టీలు, సాయంత్రం సమోసా, శుక్రవారం రాత్రి "రిలాక్సేషన్". ఇవి అయిదు అలవాట్లు కావు. ఒక కాల్ టైముకి పుట్టిన అయిదుగురు పిల్లలు. తల్లిని వదిలేసి పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే బాదితే ఏం లాభం?

నాకు ఈ చరిత్రంతటిలో కనిపించిన సంగతి ఇదే. అలవాట్ల గుంపుని తయారు చేసేది మనిషి సంకల్పం కంటే అతని రోజు. ఆ రోజుని ఎక్కువగా నిర్ణయించేది పని. ఇది మన పెద్దలకి తెలియక కాదు. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. డ్రైవరుకి రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు, ఏకబిగిన అయిదు గంటలు నడిపాక కనీసం అరగంట విశ్రాంతి అని రాసింది. రోడ్డు మీద అది ఎంత అమలైందో ఏ లారీ డ్రైవరుని అడిగినా చెప్తాడు, కానీ నిద్ర అనేది డ్రైవరు సొంత వ్యవహారం మాత్రమే కాదని చట్టం ఒప్పుకుంది. ఇక మన ఐటీకి వచ్చేసరికి షాపుల చట్టంలోని పని వేళల నిబంధనల నుంచి ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ రోజుకి 10 గంటల పనికి వీలిచ్చే మార్పులు చేశాయి. ఒకవైపు లివర్ లెక్కలు, ఇంకోవైపు ఈ గంటల లెక్కలు. రెండూ ఒకే ఏడాదివి.

జనం కలిస్తే అలవాట్లు మారవా అంటే మారతాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు ఒక్కో మొగుడికీ విడివిడిగా నీతులు చెప్పలేదు. ఊళ్ళో సారా కొట్టుని మూయించారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో తెచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997 దాకానే నిలిచింది, అది వేరే కథ. కానీ తాగుడు ఒక్కడి బలహీనత కాదు, ఊరి ఏర్పాటు అని వాళ్ళు పట్టుకున్నారు.

మరి మనం చెయ్యగలిగింది? ఒక కాగితం మీద పై ఏడూ రాసుకుని మీకు ఎన్ని ఉన్నాయో నిజాయితీగా టిక్కు పెట్టుకోండి. టిఫినూ చిరుతిళ్ళూ కొట్టేసి, వాటి బదులు "నెలలో మనసు విప్పి మాట్లాడిన మనుషులు" అని ఒకటి చేర్చుకోవచ్చు. తర్వాత లేని వాటి పక్కన, అవి ఎందుకు లేవో రాయండి. చాలా వాటి పక్కన ఒకే కారణం కనిపిస్తే, మార్చాల్సింది అదే. టీములో నలుగురు కలిసి "రాత్రి తొమ్మిది తర్వాత కాల్స్ వారానికి రెండు రోజులే" అని అడగడం జిమ్ము కంటే చవక. మేనేజర్లు ఇది చదువుతుంటే, మీ చేతిలో పదిమంది నిద్ర ఉంది, గుర్తుంచుకోండి.

మాత్రలు వాడేవాళ్ళు డాక్టరుని అడక్కుండా మానొద్దు. రెండు వారాలు దాటి దిగులు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అది బద్ధకం కాదు, చూపించుకోవాలి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంకో మాట. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నగారిని "నడవండి, ఉప్పు తగ్గించండి" అనే ముందు, ఆయన పని చేసిన రోజుల్లో ఎన్నింటికి లేచేవారో, ఎన్నింటికి అన్నం తినేవారో, ఎంతసేపు పడుకునేవారో అడగండి. ఆయన బీపీ చరిత్ర సగం ఆ జవాబుల్లోనే దొరకొచ్చు.